నెత్తి మీది దీపం ముందుకు జరగాలి

సంపాదకుల వారికి,

నమస్కారములు. ఆగస్టు 19న ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం సందర్భంగా మీ జిల్లా అనుబంధంలో తిరుపతి ఫోటో స్టూడియోల పరిస్థితిపై వచ్చిన కథనాన్ని శ్రద్ధగా చదివాను. ఫోన్ కెమెరాల వల్ల స్టూడియోలకు గిరాకీ తగ్గిందనీ, ఖరీదైన కొత్త కెమెరాలు కొనలేని చిన్న స్టూడియోలు నిలదొక్కుకోలేకపోతున్నాయనీ అందులో రాశారు. మొదటి మాటను కాదనలేం. రెండో మాటతోనే నాకు పేచీ. పదేళ్ల కిందటి కెమెరా కూడా గోడకు తగిలించుకునే 12 బై 18 అంగుళాల ఫోటోకు చాలినంత వివరాన్ని ఇస్తుంది. ఆ ఫోటోలో ముఖం నిర్జీవంగా కనిపిస్తోందంటే లోపం కెమెరాలో కాక, చాలా సందర్భాల్లో గది కప్పులో ఉంటుంది. ఈ ఊళ్లో స్టూడియో నడుపుతున్నవాడిగా ఆ ఒక్క విషయం గురించే ఈ లేఖ రాస్తున్నాను.

గోవిందరాజస్వామి ఆలయం చుట్టుపక్కల వీధుల్లోనూ, బస్టాండు పరిసరాల్లోనూ అద్దెలు ఎక్కువ, గదులు ఇరుకు. స్టాండు నిలబెడితే మనిషి నడిచే దారి ఉండదు. అందువల్ల చాలామంది దీపాలను కప్పుకే బిగించేస్తున్నారు. కూర్చునే స్టూలుకు సరిగ్గా పైన రెండు ఎల్‌ఈడీ ప్యానెళ్లు, లేదా ఒక సాఫ్ట్‌బాక్స్ (దీపానికి తొడిగే, ముందు తెల్ల గుడ్డ ఉన్న పెట్టె), అది ఒకసారి బిగించారంటే మళ్లీ కదలదు. పసిబిడ్డ వచ్చినా, ఎనభై ఏళ్ల అవ్వ వచ్చినా, కళ్లు లోతుగా ఉన్నవారు వచ్చినా అదే దీపం, అదే చోటు. నడినెత్తి నుంచి నిట్టనిలువుగా పడే వెలుతురును కనుబొమల ఎముక అడ్డుకుంటుంది కాబట్టి కళ్లు రెండు నల్లటి గుంటలైపోతాయి. ముక్కు నీడ పెదవుల మీదికి సాగుతుంది, గడ్డం నీడ మెడను మింగేస్తుంది, కళ్ల కింది సంచులు ఉన్నదానికంటే ఉబ్బినట్లు కనిపిస్తాయి. నుదురు, ముక్కు దూలం మాత్రం తెల్లగా మెరుస్తాయి. మిట్టమధ్యాహ్నం చంద్రగిరి కోట ముందు నిలబడి దిగిన ఫోటోలో ముఖం ఎలా ఉంటుందో, ఏసీ గదిలో డబ్బిచ్చి దిగిన ఫోటోలోనూ అలాగే ఉంటుందన్నమాట.

పైనుంచి వచ్చే వెలుతురు చెడ్డదని నేను అనడం లేదు. ముఖాన్ని అందంగా, గంభీరంగా చూపించడానికి అంతకంటే నమ్మకమైన వెలుతురు లేదన్నదే నా అభిప్రాయం. పగటి వెలుతురంతా పైనుంచే వస్తుంది కాబట్టి కింది నుంచి వెలిగే ముఖాన్ని మన కన్ను సహజమని ఒప్పుకోదు. అయితే దీపం పైన ఉండటం వేరు, నెత్తి మీద ఉండటం వేరు. పోర్ట్రెయిట్‌కు దీపం ముఖం కంటే ఎత్తులో, ముఖానికి ముందు, ముక్కు చూస్తున్న దిక్కుకే ఉండాలి. కంటి మట్టం నుంచి చూస్తే అది సుమారు 45 డిగ్రీల ఎత్తున కనిపించాలి. ఈ కోణాన్ని కొలవడానికి పరికరమేదీ అక్కర్లేదు, ఎదుట కూర్చున్న మనిషి ముఖమే చెబుతుంది. ముక్కు కింద పడే చిన్న నీడ ముక్కుకూ పై పెదవికీ మధ్య సగం దూరంలో ఆగితే ఎత్తు సరిపోయినట్టు. పెదవిని తాకితే దీపం మరీ పైకి వెళ్లినట్టు. నీడ అసలే లేకపోతే దీపం మరీ కిందికి దిగి ముఖం చదునుగా మారినట్టు. దీనికంటే ముఖ్యమైన గుర్తు కంటి మెరుపు. కనుపాప పైభాగంలో దీపం ప్రతిబింబం చిన్న చుక్కలా కనిపిస్తుంటే ఆ కంటికి వెలుతురు చేరుతోందని అర్థం. ఆ చుక్క మాయమైన క్షణాన కంట్లో ప్రాణం కూడా పోతుంది, దాన్ని సాఫ్ట్‌వేర్‌తో నమ్మదగినట్టు తిరిగి పెట్టడం కష్టం.

ముక్కు కింద సీతాకోకచిలుక ఆకారంలో పడే ఆ నీడను బట్టే ఈ పద్ధతిని బటర్‌ఫ్లై లైటింగ్ అంటారు. 1930లలో హాలీవుడ్‌లోని పారామౌంట్ స్టూడియోలో దర్శకుడు జోసెఫ్ వాన్ స్టెర్న్‌బర్గ్ నటి మార్లీన్ డీట్రిచ్ ముఖానికి ఈ వెలుతురునే పదేపదే వాడటంతో దీనికి పారామౌంట్ లైటింగ్ అన్న పేరు కూడా స్థిరపడింది. మన దేశంలో పైవెలుతురుకు మరో గొప్ప ఉదాహరణ ఉంది. 1956లో వచ్చిన ‘అపరాజితో’ చిత్రం కోసం కాశీలోని ఒక ఇంటి నడిమి వాకిలిని స్టూడియోలో సెట్టుగా వేసినప్పుడు, ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర సెట్టు పైన తెల్లటి గుడ్డ కట్టించి, దీపాలను దాని మీదికి తిప్పి, అక్కడి నుంచి పరావర్తనమై కిందికి దిగే వెలుతురును మాత్రమే వాడారు. ఆకాశం నుంచి వాకిట్లోకి దిగే నీడపట్టు వెలుతురు అచ్చంగా అలాగే ఉంటుంది. దానికి ఆయన వాడింది గుడ్డ ముక్క. మన స్టూడియోలకు కూడా బట్టల దుకాణం ధరకు దొరికే వస్తువది.

విద్యుత్తు లేని రోజుల్లో స్టూడియోలను మేడ పై అంతస్తులో పెట్టి, కప్పులో ఒక వాలును గాజు పలకలతో మూసి, తెరలను లాగుతూ వెలుతురును సర్దుకునేవారు. ఎండ నేరుగా పడకూడదని ఆ వాలును ఉత్తర దిక్కుకు పెట్టడం యూరప్‌లో ఆనవాయితీ. మనకు అది పూర్తిగా కుదరదు. తిరుపతి సుమారు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉండటం వల్ల ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు నడిమి దాకా మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరానే ఉంటాడు. ఉత్తరపు కిటికీని నమ్ముకున్నవారు ఆ నెలల్లో కిటికీకి తెల్ల గుడ్డ కట్టుకోక తప్పదు.

దూరం విషయానికి వస్తే, చిన్న దీపం నుంచి దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుందన్నది హైస్కూలు భౌతికశాస్త్ర పాఠమే. కానీ నెత్తికి ఆనుకున్నట్టు దీపం బిగించేవారు దాన్ని మరిచిపోతున్నారు. నుదుటికి 60 సెంటీమీటర్ల దూరంలో దీపం ఉండి, గడ్డం ఇంకో 20 సెంటీమీటర్లు దూరంగా ఉందనుకుందాం. నుదుటికి అందిన వెలుతురులో గడ్డానికి అందేది దాదాపు 56 శాతమే. అదే దీపాన్ని 150 సెంటీమీటర్లకు జరిపితే గడ్డానికి 78 శాతం దాకా అందుతుంది. అయితే దూరం జరిపిన కొద్దీ దీపం ముఖానికి చిన్నదిగా కనిపించి నీడల అంచులు గట్టిపడతాయి కాబట్టి, దూరంగా పెట్టాలనుకునేవారు పెద్ద సాఫ్ట్‌బాక్స్ వాడాలి, చిన్నది మాత్రమే ఉన్నవారు దగ్గరగా పెట్టి, కింది నీడలను మరో వెలుతురుతో నింపుకోవాలి. రెండింటికీ మధ్య దారి ఒకటుంది. సాఫ్ట్‌బాక్స్ నడిమిభాగాన్ని నుదుటికి గురిపెట్టకుండా, మనిషి మోకాళ్ల వైపుకు కొద్దిగా వంచి, అంచు నుంచి వచ్చే పలుచటి వెలుతురును ముఖానికి వాడుకోవడమే ఆ దారి. నుదుటి మెరుపు తగ్గుతుంది, చేతులకూ చీర అంచుకూ వెలుతురు చేరుతుంది.

అలా కింద నింపడానికి, వెలుతురును తిప్పికొట్టే రిఫ్లెక్టరే కొనాలని లేదు. ప్యాకింగులో వచ్చిన తెల్లటి థర్మాకోల్ పలకను కూర్చున్న మనిషి రొమ్ము ఎత్తున, కెమెరాకు కనిపించకుండా వాలుగా పెడితే పైనుంచి పడిన వెలుతురు దాని మీద నుంచి లేచి కళ్ల కిందా, గడ్డం కిందా చేరుతుంది. వెండిరంగు రిఫ్లెక్టర్ వాడినవారు కొంచెం దూరం జరపాలి, లేకపోతే ముఖానికి జిడ్డు పూసినట్టు అవుతుంది. కింది వెలుతురు పైదానికంటే ఒకటి రెండు స్టాపులు (ఒక స్టాపు తగ్గడమంటే వెలుతురు సగం కావడం) తక్కువగానే ఉండాలన్న నియమం మాత్రం తప్పరాదు. అది మితిమీరితే నాటకంలో రాక్షస పాత్రధారిని చూసినట్టుంటుంది.

గది కప్పు ఎత్తు తక్కువని తోటివారు చెప్పే మాటలో న్యాయం ఉంది. మన దుకాణ గదుల్లో 9 అడుగుల కప్పు సాధారణం. ఐదున్నర అడుగుల మనిషి నిలబడితే నెత్తిపైన మూడున్నర అడుగులే మిగులుతాయి, అందులో సాఫ్ట్‌బాక్స్ లోతే ఒక అడుగుకు పైగా తినేస్తుంది. కానీ ఆ మనిషినే అడుగున్నర ఎత్తు స్టూలు మీద కూర్చోబెడితే నెత్తిపైన నాలుగున్నర అడుగులకు పైగా ఖాళీ దొరుకుతుంది. దీపాన్ని కప్పుకే బిగించక తప్పదనుకునేవారు స్టూలును నాలుగడుగులు వెనక్కి జరిపితే చాలు, నెత్తి మీది దీపం ముఖానికి ముందుకు వచ్చేస్తుంది. కప్పుకు పట్టాలు బిగించి దీపాన్ని ముందుకూ వెనక్కూ జరుపుకునే ఏర్పాటు కూడా దొరుకుతుంది. ఫ్లాష్‌ను కప్పుకేసి కొట్టే అలవాటున్నవారు మనిషి నెత్తిపైన ఉన్న కప్పుకు కాకుండా, తమ వెనుక గోడా కప్పూ కలిసే మూలకు కొట్టాలి. ఆ కప్పుకు లేత గులాబీ, పిస్తా రంగులు వేయించి ఉంటే ఆ రంగంతా ముఖానికి అంటుతుంది కాబట్టి సున్నపు తెలుపు తప్ప మరే రంగూ పనికిరాదు.

ఇక మన ఊరికే ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. దీని గురించి నేను చూసిన ఏ లైటింగ్ పాఠంలోనూ చెప్పలేదు. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించి కొండ దిగిన కుటుంబాలు ఊరికి బయల్దేరే ముందు స్టూడియోకు రావడం ఇక్కడ మామూలే. పుట్టువెంట్రుకలు తీయించిన బిడ్డ ఫోటో ఆ కుటుంబానికి జీవితంలో మళ్లీ రానిది. అప్పుడే గుండు చేసిన తలకు పైవెలుతురు రెండు విధాల ఇబ్బంది పెడుతుంది. మొదటిది మెరుపు. తల గుండ్రంగా ఉండటం వల్ల దీపాన్ని ఎక్కడ పెట్టినా ఏదో ఒకచోట దాని ప్రతిబింబం కెమెరాకు కనిపించి తీరుతుంది. దీపం చిన్నదైతే అది కళ్లు చెదిరే తెల్లటి చుక్క అవుతుంది, పెద్దదైతే వెడల్పుగా, మృదువుగా పరుచుకుంటుంది. రెండోది రంగు తేడా. ఇన్నాళ్లూ జుట్టు కింద ఎండ తగలకుండా ఉన్న చర్మం ముఖం కంటే లేతగా ఉంటుంది. పైగా దీపానికి దగ్గరగా ఉండేది కూడా అదే. ముఖానికి సరిపడా వెలుతురు పెడితే తల తెల్లబడిపోతుంది, తలకు సరిపడా పెడితే ముఖం నల్లబడుతుంది. చాలామంది ఇక్కడే చేతులెత్తేసి కంప్యూటర్లో తలకు గోధుమరంగు పూస్తున్నారు.

దీనికి మందు పైన చెప్పిన పద్ధతిలోనే ఉంది. దీపాన్ని ఇంకొంచెం ముందుకు, ఇంకొంచెం కిందికి తేవాలి. తర్వాత దీపానికీ తలకూ మధ్యలో, కెమెరా చూపుకు అడ్డం రాకుండా, నల్లటి అట్టముక్కనో గుడ్డనో వేలాడదీసి తల పైభాగానికి వెళ్లే వెలుతురును కత్తిరించాలి. అట్ట దీపానికి దగ్గరగా ఉంటే దాని నీడ అంచు మెత్తగా పడి ఎక్కడ మొదలైందో తెలియదు, తలకు దగ్గరగా ఉంటే నుదుటి మీద గీత గీసినట్టు కనబడుతుంది. చందనం పూసుకున్న తలకు మెరుపు బెడద సగం తీరినట్టే, ఎందుకంటే ఆరిన చందనం కాంతిని అన్ని దిక్కులకూ చెదరగొడుతుంది. ఫోటో కోసమని దాన్ని తుడిపించే ఫోటోగ్రాఫర్లను చూశాను, అది భక్తికీ మర్యాద కాదు, ఫోటోకూ లాభం కాదు. అన్నిటికంటే సులువైన జాగ్రత్తనే ఎక్కువమంది మరిచిపోతుంటారు. నల్ల జుట్టు నల్ల తెరలో కలిసిపోకుండా వెనుక నుంచి, పైనుంచి వేసే హెయిర్ లైట్‌ను గుండు చేయించుకున్నవారికి ఆర్పేయాలి.

మిగతావాటి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కొంగు తల మీదుగా కప్పుకున్న పెద్దావిడకూ, తలపాగా చుట్టుకున్న పెద్దాయనకూ దీపాన్ని మామూలు కంటే దించాలి. కళ్లద్దాలవారికి పైవెలుతురు మేలే చేస్తుంది, అద్దం మీద పడిన కాంతి కెమెరా వైపు రాకుండా కిందికి మళ్లిపోతుంది. అయితే కింద పెట్టిన థర్మాకోల్ పలక అద్దంలో కనిపిస్తుంటే దాన్ని ఇంకా దించుకోవాలి. నగల విషయంలో మాత్రం మెత్తటి వెలుతురు ఎప్పుడూ మంచిదే అనుకోకూడదు. పెళ్లికూతురి కాసులపేరుకూ, ముక్కుపుడకకూ తళుకు రావాలంటే కొంత గట్టి వెలుతురు కావాలి కాబట్టి సాఫ్ట్‌బాక్స్‌కు బదులు బ్యూటీ డిష్, అంటే దీపానికి తగిలించే పళ్లెం లాంటి రిఫ్లెక్టర్, వాడటం మంచిది. పాపిడిబిళ్ళ నీడ కనుబొమల మధ్య పడకుండా ముఖాన్ని కాస్త ఎత్తించాలి. ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఉన్న ఊరు కాబట్టి మన స్టూడియోలకు నర్తకులు కూడా వస్తుంటారు. కాటుక దిద్దిన ఆ కళ్లలోనే అభినయమంతా ఉన్నప్పుడు వాటిని నీడలో ముంచడం ఎంత అన్యాయమో వేరే చెప్పాలా?

పాస్‌పోర్టు ఫోటోలకు ఈ పద్ధతి పనికిరాదని కూడా చెప్పాలి. అక్కడ ముఖం మీదా, వెనుక తెర మీదా నీడ ఉండకూడదన్నది నిబంధన. దానికి అటూ ఇటూ సమానంగా పెట్టిన రెండు దీపాలు కావాలి, మనిషి తెరకు కొంచెం ఎడంగా కూర్చోవాలి. చాలా స్టూడియోలు పాస్‌పోర్టు ఫోటోకూ పోర్ట్రెయిట్‌కూ ఒకటే అమరికతో కానిచ్చేయడం వల్ల రెండూ చెడుతున్నాయి.

కప్పు దీపాలు సృష్టించిన గుంటలను దాచడానికే ముఖాలను తెల్లబరిచే జాడ్యం పెరిగిందని నా అనుమానం. “తెల్లగా రావాలన్నా” అని వచ్చినవారు అడుగుతారు, నిజమే. కానీ వారు కోరుకునేది ముఖం స్పష్టంగా కనబడటమని, వెలుతురు సరిగ్గా పడిన ఫోటోను ముందు పెట్టిన మరుక్షణం తెలుస్తుంది. చామనఛాయ ముఖానికి అందం తెచ్చేది ఎక్కువ వెలుతురు కాదు, చెంప ఎముక మీదా ముక్కు దూలం మీదా పరుచుకునే వెడల్పాటి మెరుపు. పెద్ద దీపాన్ని ముందుగా, ఎత్తుగా, దగ్గరగా పెడితే ఆ మెరుపు దానంతటదే వస్తుంది. సాఫ్ట్‌వేర్‌తో తెల్లబరిచినప్పుడు మొట్టమొదట చెరిగిపోయేది కూడా ఆ మెరుపే.

చవకబారు ఎల్‌ఈడీల గురించి ఒక మాట. మన విద్యుత్తు 50 హెర్ట్జ్‌ది కాబట్టి వాటిలో కొన్ని సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతూ వెలుగుతాయి. ఫోటోలో అడ్డచారలు వస్తుంటే కెమెరా చెడిపోయిందని దుకాణానికి పరుగెత్తకుండా షట్టర్ తెరిచి ఉండే సమయాన్ని సెకనులో వందో వంతుకో, యాభయ్యో వంతుకో మార్చి చూడాలి. బూమ్ స్టాండుకు, అంటే అడ్డంగా చాచిన కడ్డీ ఉన్న స్టాండుకు, దీపం వేలాడదీసేవారు దాని రెండో కొసకు ఇసుక సంచీ కట్టడం, స్టాండు కాళ్లలో ఒకటి దీపం ఉన్న దిక్కుకే చాచి ఉంచడం, దీపానికి విడిగా ఒక గొలుసు వేయడం మరువరాదు. కింద కూర్చునేది ఎవరి బిడ్డో.

సంపాదకుల వారికి నా విన్నపం ఇది. కొత్త కెమెరాలకు రుణాలు ఇప్పించాలని మీ కథనం చేసిన సూచన కంటే, తిరుపతి, చిత్తూరు జిల్లాల ఫోటోగ్రాఫర్ల సంఘాలు తమ సమావేశాల్లో ఒక పూటను లైటింగ్ శిక్షణకు కేటాయించడం, రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ ఫోటోగ్రఫీని నేర్పదలిస్తే పాఠాన్ని కెమెరాతో కాక ఒక దీపం, ఒక థర్మాకోల్ పలకతో మొదలుపెట్టడం తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేస్తాయి. మీ అనుబంధంలో రెండు ఫోటోలను పక్కపక్కన ప్రచురించి, ఒకే మనిషి ముఖం దీపం నెత్తి మీద ఉన్నప్పుడు ఎలా ఉంటుందో, ముందుకు జరిగినప్పుడు ఎలా ఉంటుందో చూపించినా బాగుంటుంది. నేత్రదానం గురించి ప్రచారం చేసినట్టుగా కాకపోయినా, ఫోటో దిగే కళ్ల గురించి పాఠకులకు తెలియజెప్పడానికి పావు పేజీ చాలు. అందాకా ఫోటో దిగడానికి వెళ్లేవారు తీసిన వెంటనే కెమెరా వెనుక తెరలో తమ కళ్లను పెద్దవి చేసి చూపించమని అడగవచ్చు. కనుపాప పైభాగంలో దీపం చుక్క లేకపోతే, డబ్బు చెల్లించే ముందే, దీపాన్నో స్టూలునో జరిపి ఇంకొకటి తీయమనే హక్కు వారికి ఉంది.

ఇట్లు,
ఒక స్టూడియో నిర్వాహకుడు,
తిరుపతి.